రిసెప్టర్ ఉంది, కరెంటు లేదు: స్టార్‌గేజర్ చిట్టెలుక మీద ఒక సందేహం

కంకి_వరంగల్ · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. నేను బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ రెండో ఏడాది. శుక్రవారం సెమినార్ ఉంది. గ్లూటమేట్ రిసెప్టర్ల మీద, అంటే నరకణాలు సంకేతంగా వదిలే గ్లూటమేట్ రసాయనాన్ని అందుకునే ప్రొటీన్ల మీద, ఏదైనా ఒక పేపర్ తీసుకోమంటే, 2000లో ‘నేచర్’లో వచ్చిన స్టార్‌గేజిన్ పేపర్ తీసుకున్నా. మూడు రోజులుగా చదువుతున్నా, ఒకచోట బండి ఆగిపోయింది. జర ఓపికతో చెప్పండి.

నాకు అర్థమైంది ఇది. స్టార్‌గేజర్ అనే చిట్టెలుకలో ఆంపా రిసెప్టర్ (గ్లూటమేట్ తగలగానే తెరుచుకుని కరెంటు పోనిచ్చే రకం) జన్యువులకు ఏ లోపమూ లేదు. ప్రొటీన్ తయారవుతోంది. అయినా చిన్నమెదడు గ్రాన్యూల్ కణాల్లో ఆంపా కరెంటు సున్నా. పాడైంది వేరే జన్యువు, స్టార్‌గేజిన్. దాన్ని తిరిగి కణంలో పెడితే కరెంటు వచ్చేసింది. ఇక్కడిదాకా సరే.

తర్వాత స్టార్‌గేజిన్ తోకలో చివరి నాలుగు అమైనో ఆమ్లాలు కోసేసి పెట్టారు. అప్పుడు కణం మీద రిసెప్టర్‌ని తెరిచే మందు పోస్తే ఆంపా కరెంటు వస్తోంది, సినాప్స్ (రెండు నరకణాలు కలిసే చోటు) దగ్గర మాత్రం రావట్లేదు. కణం పైపొర మీదకి వచ్చిన రిసెప్టర్ సినాప్స్‌లోకి ఎందుకు పోదు? రెండూ ఒకే పొర కదా?

పిప్పెట్_చేయి · సోమవారం రాత్రి 10:05

సరైన చోటే ఆగారు. ఆ పేపర్ మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది.

ముందు మీరు రాసిన ‘సున్నా’ ఎలా ఉంటుందో చెప్తాను. నేను పీహెచ్‌డీలో ఏళ్ల తరబడి మామూలు ఎలుకల చిన్నమెదడు ముక్కల మీద రికార్డింగులు చేశాను. గ్రాన్యూల్ కణం మెదడులో అతి చిన్న కణాల్లో ఒకటి, కొన్ని మైక్రాన్లే. గాజు పిప్పెట్ మొన దానికి ఆనించి, గొట్టం నోట్లో పెట్టుకుని మెల్లగా గాలి పీలిస్తే పొర మొనకి అతుక్కుంటుంది. ఇంకొంచెం పీలిస్తే పొర చిట్లి దారి ఏర్పడుతుంది, కణంలోని కరెంటు తెర మీద గీతగా కనబడుతుంది. వోల్టేజీని మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర నిలిపి, ఆ కణానికి సంకేతం తెచ్చే మోసీ ఫైబర్ అనే నరపోగుకి చిన్న షాక్ ఇస్తే గీత చటుక్కున కిందికి దిగి, కొద్ది మిల్లీసెకన్లలో పైకి వచ్చేస్తుంది. అదీ ఆంపా కరెంటు.

స్టార్‌గేజర్‌లో ఇదే ప్రయోగం 1999లో చేశారు. షాక్ ఇస్తే గీత కదల్లేదు. వోల్టేజీని ప్లస్‌కి మార్చి అదే షాక్ ఇస్తే నెమ్మదిగా లేచి, నెమ్మదిగా దిగే పెద్ద అల వచ్చింది. అది ఎన్‌ఎండీఏ అనే ఇంకో రకం గ్లూటమేట్ రిసెప్టర్‌ది. మైనస్ 70 దగ్గర దాని రంధ్రాన్ని మెగ్నీషియం మూసి ఉంచుతుంది, ప్లస్‌లో వదిలేస్తుంది. అంటే గ్లూటమేట్ విడుదలవుతోంది, సినాప్స్ ఉంది, ఎన్‌ఎండీఏ పని చేస్తోంది. అదే సినాప్స్‌లో ఆంపా ఒక్కటే లేదు. ఈ రెండు గీతలూ మీ సెమినార్‌లో పక్కపక్కన పెట్టండి, సగం కథ అవే చెప్తాయి.

ఇక మీ ప్రశ్న. ఒకే పొర, నిజమే. కానీ ఊళ్లో బస్సు దిగడం వేరు, ఇంటి గడప తొక్కడం వేరు. మొదటి మెట్టు: కణం లోపల తయారైన రిసెప్టర్ పైపొరకి చేరాలి. దానికి స్టార్‌గేజిన్ కావాలి, చివరి నాలుగు అమైనో ఆమ్లాలు అక్కర్లేదు. రెండో మెట్టు: పైపొర మీద రిసెప్టర్ ఒకచోట నిలవదు, అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. సినాప్స్ కింద పీఎస్‌డీ-95 అనే ప్రొటీన్ దట్టంగా పరుచుకుని ఉంటుంది. స్టార్‌గేజిన్ తోక చివర ఉన్న త్రియోనిన్, త్రియోనిన్, ప్రోలిన్, వాలిన్ అనే నాలుగింటినీ పట్టుకునేది అదే. తోక దొరికితే రిసెప్టర్ అక్కడ ఆగుతుంది. తోక కోసేస్తే సినాప్స్ మీదుగా వెళ్తుంది, వస్తుంది, ఆగదు. మీరు మందు పోసినప్పుడు పొర మీద ఎక్కడెక్కడో ఉన్నవన్నీ తెరుచుకుంటాయి, అందుకే కరెంటు. సినాప్స్‌లో విడుదలయ్యే గ్లూటమేట్ తగలాల్సిన ఆ చిన్న మచ్చలో మాత్రం ఏవీ నిలిచి లేవు.

కంకి_వరంగల్ · సోమవారం రాత్రి 10:31

అన్నా, చాలా థ్యాంక్స్. గీతల ఆలోచన మంచిగుంది, తప్పకుండా పెడతా. ఇంకొకటి. స్టార్‌గేజిన్ జన్యువు పేరు చూస్తే కాల్షియం ఛానల్ గామా-2 అని ఉంది. ఆంపా రిసెప్టర్‌తో ఉండేదానికి ఆ పేరేంటి?

పాతపేపర్లు · సోమవారం రాత్రి 11:20

పేరు వెనక వరస ఇదీ. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లోని జాక్సన్ ల్యాబొరేటరీ చిట్టెలుకల్లో ఈ మార్పు దానంతట అది వచ్చింది. తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ ఉంటుంది, అడుగు తడబడుతుంది, మధ్యమధ్యలో కదలకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే రకం ఫిట్స్. పైకి చూస్తుంది కాబట్టి నక్షత్రాలు చూసేది అని పేరు. 1990లో దాని ఫిట్స్ గురించి రాశారు, జన్యువు 1998లో దొరికింది. కండరంలో కాల్షియం ఛానల్‌తో ఉండే గామా-1 అనే ప్రొటీన్‌కి పోలిక కనబడింది, అప్పటికి గామాల్లో అదొక్కటే తెలుసు. పోలికను బట్టి గామా-2 అన్నారు. ఏడాది తిరక్కుండానే ఆంపా కరెంటు లేదని తేలింది. అప్పటికే పేరు స్థిరపడిపోయింది. ఇప్పటికీ డేటాబేసుల్లో కాల్షియం ఛానల్ పేరుతోనే ఉంటుంది, కొత్తగా చదివేవాళ్లు ప్రతిసారీ ఇక్కడ తడబడతారు.

దీని కుటుంబంలో గామా-2, 3, 4, 8లను కలిపి 2003 నుంచి టార్ప్‌లు అంటున్నారు, ఆంపా రిసెప్టర్‌తో కలిసి దాని పనిని నియంత్రించే ప్రొటీన్లు అని. తర్వాత గామా-5, గామా-7 కూడా చేరాయి, వాటి తీరు కొంచెం వేరు.

తంబుర_శృతి · మంగళవారం ఉదయం 7:48

నేను స్ట్రక్చరల్ బయాలజీ వైపు. పిప్పెట్ గారు చెప్పింది చదివితే స్టార్‌గేజిన్ అంటే రిసెప్టర్‌ని మోసుకొచ్చి దింపే మనిషి అనిపిస్తుంది. పల్లకి దించాక బోయీలు వెళ్లిపోతారు. టార్ప్ వెళ్లదు. అసలు విశేషం అదే అని నాకనిపిస్తుంది.

ఆంపా రిసెప్టర్ నాలుగు ముక్కలు కలిసి ఒక రంధ్రం. 2016లో న్యూయార్క్ కొలంబియాలో ఒక బృందం, ఓరెగాన్ పోర్ట్‌లాండ్‌లో ఇంకో బృందం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో రిసెప్టర్‌నీ టార్ప్‌నీ కలిపి చూశాయి. రంధ్రం చుట్టూ పొరలో నాలుగు టార్ప్‌ల వరకు ఆనుకుని ఉన్నాయి. వాటి తలలు గ్లూటమేట్ పట్టుకునే భాగానికి సరిగ్గా కింద ఉన్నాయి. అంత దగ్గరగా కూర్చున్నది ఊరికే ఉండదు.

గ్లూటమేట్ పోయాక రిసెప్టర్ మిల్లీసెకను లెక్కలో మూసుకుంటుంది. టార్ప్ ఉంటే ఆ మూత ఆలస్యమవుతుంది, గ్లూటమేట్ అక్కడే ఉన్నా అలిసిపోయి మూసుకోవడం కూడా తగ్గుతుంది. కైనేట్ అనే రసాయనం ఒంటరి ఆంపా రిసెప్టర్‌ని కొద్దిగానే తెరుస్తుంది, టార్ప్ పక్కన ఉంటే బాగా తెరుస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది సీఎన్‌క్యూఎక్స్ సంగతి. ల్యాబుల్లో ఎన్నో ఏళ్లు ఆంపాని ఆపడానికి వాడిన మందు అది. టార్ప్‌తో కలిసిన రిసెప్టర్‌ని అదే మందు కొద్దిగా తెరుస్తుందని 2007లో తేలింది. ఆపే మందు తెరిచే మందయింది. మారింది మందు కాదు, రిసెప్టర్ కూడా కాదు, పక్కన ఉన్న ప్రొటీన్.

సంగీతం తెలిసినవాళ్లకి చెప్పాలంటే ఇవి పక్కవాద్యాలు. పాడేది ఒకరే. మృదంగం ఎవరిదన్నదాన్ని బట్టి కచేరీ నడక మారిపోతుంది.

పిప్పెట్_చేయి · మంగళవారం ఉదయం 8:30

నడక మారుతుందన్నది ఒప్పుకుంటాను, నేను రాయకుండా వదిలేసింది అదే. కానీ పక్కవాద్యం పోలికతో నాకు పేచీ ఉంది. మృదంగం లేకపోయినా గాయకుడు పాడగలడు. గ్రాన్యూల్ కణంలో టార్ప్ లేకపోతే గాయకుడు వేదిక దాకానే రాడు. ‘సహాయక’ ప్రొటీన్ అని రాసేసరికి పిల్లలు అది ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు అనుకుంటారు. నేనైతే మెదడులో ఉన్న ఆంపా రిసెప్టర్ అంటే టార్ప్‌తో కలిపే ఆంపా రిసెప్టర్ అని నేర్పుతాను.

తంబుర_శృతి · మంగళవారం ఉదయం 9:02

ఒప్పుకున్నాను. ఒక్క మాట చేరుస్తాను. కలిసి ఉండేది టార్ప్ ఒక్కటే కాదు. 2009లో కార్నిషాన్‌లు దొరికాయి. పండ్ల ఈగలో గుర్కెన్ అనే ప్రొటీన్‌ని కణం లోపలి నుంచి బయటికి పంపే పని చేస్తుందని ముందే తెలిసినది. గుర్కెన్ అంటే జర్మన్‌లో దోసకాయలు, కార్నిషాన్ అంటే ఫ్రెంచిలో పచ్చడి పెట్టుకునే చిన్న దోసకాయ. అదే కుటుంబం మన మెదడులో ఆంపాతో ఉండి దాని మూతను ఇంకా ఆలస్యం చేస్తుంది. 2010లో సీకేఎంప్-44 వచ్చింది, అది టార్ప్‌కి ఎదురు పని చేస్తుంది: రిసెప్టర్ అలిసిపోయాక తేరుకోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఇంకో రకం గ్లూటమేట్ రిసెప్టర్లు, కైనేట్ రిసెప్టర్లకి వాటి తోడు వేరు, నెటో-1, నెటో-2. ఏ కణంలో ఏ తోడు ఉందన్నదే లెక్క.

గౌతమి_గట్టు · మంగళవారం మధ్యాహ్నం 2:15

నేను సైన్స్ చదువుకోలేదండీ, బ్యాంకులో పని. గూగుల్‌లో వెతుకుతుంటే ఈ చర్చ కనబడింది. మా నాన్నగారి విషయంలో డాక్టర్ కాగితం మీద ‘ఆంపా రిసెప్టర్’ అని రాసి చూపించారు, అందుకే అడుగుతున్నాను.

నాన్నకి 66. నిరుడు వేసవిలో కుడి చెయ్యి, మూతి కుడి పక్క ఒక్కసారి లాగినట్టు అయ్యేది. రెండు సెకన్లు, అంతే. రోజుకి ముప్పై నలభైసార్లు. చేతిలో గ్లాసు ఉంటే పడిపోయేది. మొదట చూపించిన ఆస్పత్రిలో టెన్షన్ అన్నారు, నిద్రమాత్రలు ఇచ్చారు. తర్వాత మరుపు మొదలైంది. నాన్న పాల లెక్క వంటింటి క్యాలెండర్ మీద రాస్తారు, తేదీ పక్కన లీటరు, అర లీటరు అని. జూన్ నెల కాగితం చూస్తే ఒకే తేదీలో నాలుగుసార్లు రాసి ఉంది, తర్వాత పది రోజులు ఖాళీ. సోడియం 124 వచ్చింది. ఇంకో ఊళ్లో చూపిస్తే వెన్నులో నీరు తీసి పరీక్ష చేసి ఎల్‌జీఐ1 యాంటీబాడీ అని తేల్చారు. స్టెరాయిడ్ ఇచ్చిన వారంలో ఆ లాగడం ఆగిపోయింది.

ఎల్‌జీఐ1 అంటే రిసెప్టర్ కాదు, రిసెప్టర్‌ని పట్టుకుని ఉంచేది అన్నారు. మీరు మాట్లాడుకుంటున్నది ఇదేనా?

రాత్రి_డ్యూటీ · మంగళవారం రాత్రి 11:40

గౌతమి గారూ, నేను న్యూరాలజీలో పీజీ చేస్తున్నాను. మీరు రాసిన మూడూ, ఒకే పక్క చెయ్యీ మొహమూ క్షణకాలం లాగడం, సోడియం తగ్గడం, కొత్త మరుపు, కలిసి కనబడితే మేం ముందు వెతికేది ఈ జబ్బే. ఎక్కువగా యాభై దాటినవాళ్లలో వస్తుంది. మొదట్లో ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) మామూలుగా ఉండొచ్చు, అందుకే చాలామందికి ఆలస్యమవుతుంది. మామూలు ఫిట్స్ మాత్రలకి సరిగ్గా లొంగదు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులకి లొంగుతుంది. మీ నాన్నగారిలో జరిగింది అదే.

మీ డాక్టర్ చెప్పింది నిజమే, ఇది ఈ చర్చలోని విషయమే. ఎల్‌జీఐ1 నరకణం బయటికి వదిలే ప్రొటీన్. సినాప్స్ సందులో ఏడీఏఎమ్-22 అనే ఇంకో ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. ఆ ఏడీఏఎమ్-22 లోపలి వైపు పీఎస్‌డీ-95కి తగిలి ఉంటుంది. పైన పిప్పెట్ గారు చెప్పిన, స్టార్‌గేజిన్ తోకని పట్టుకునే పీఎస్‌డీ-95 ఇదే. మీ నాన్నగారి ఒంట్లో తయారైన యాంటీబాడీ ఎల్‌జీఐ1కీ ఏడీఏఎమ్-22కీ మధ్య అడ్డం పడుతుంది. ఆ పట్టు వదులైతే సినాప్స్‌లో ఆంపా రిసెప్టర్లు తగ్గుతాయి. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్‌లో ఎల్‌జీఐ1 ఎక్కువ, అందుకే మరుపు. పక్కనే కొన్ని పొటాషియం ఛానళ్లు కూడా దెబ్బతింటాయి.

నరకణాలన్నీ చచ్చిపోయి వచ్చిన జబ్బు కాదు కాబట్టే త్వరగా మందు పడితే మనిషి తేరుకుంటాడు. స్టెరాయిడ్ తగ్గించడం మాత్రం మీ డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారమే జరగాలి. ఇక్కడ చదివింది చూసి ఏదీ మార్చకండి. ఈ జబ్బు కొందరిలో తిరగబెడుతుంది.

గౌతమి_గట్టు · బుధవారం ఉదయం 6:50

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. అమ్మకి చదివి వినిపించాను. ఒక్క సందేహం. ఇంట్లో చైనీస్ వంటకాల్లో టేస్టింగ్ సాల్ట్ వేస్తాం. అది గ్లూటమేటే అంటున్నారు. దానివల్ల ఏమైనా?

రాత్రి_డ్యూటీ · బుధవారం ఉదయం 7:15

కాదండీ. ఈ జబ్బుకీ దానికీ సంబంధం లేదు. తిన్న గ్లూటమేట్‌లో చాలాభాగం పేగు కణాలే వాడేసుకుంటాయి, రక్తంలోకి వచ్చినదాన్ని మెదడులోకి పోనివ్వని అడ్డుగోడ ఉంటుంది. మెదడు తనకి కావల్సినది తనే తయారు చేసుకుంటుంది.

పాతపేపర్లు · బుధవారం ఉదయం 10:02

తిండి నుంచి నిజంగా ఆంపా రిసెప్టర్‌ని తాకేది ఒకటి మన దేశంలోనే ఉంది: కేసరి పప్పు. కరువు రోజుల్లో నెలల తరబడి అదే ప్రధాన తిండిగా తిన్నవాళ్లకి కాళ్లు బిగుసుకుపోయేవి. అందులోని విష పదార్థం ఓడాప్‌ని 1964లో బెంగళూరు ఐఐఎస్సీలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ వేరుచేశారు. ఆకారంలో గ్లూటమేట్‌కి దగ్గర, ఆంపా రిసెప్టర్‌ని తెరుస్తుంది. అప్పటికి ఆంపా రిసెప్టర్ అన్న పేరే లేదు.

కంకి_వరంగల్ · బుధవారం రాత్రి 8:44

ఇవన్నీ చదువుతుంటే సెమినార్ పెద్దదైపోతోంది. మా గైడ్‌తో రిహార్సల్ చేస్తే రెండు ప్రశ్నలు అడిగారు, రెండూ చెప్పలేకపోయా.

ఒకటి: గ్లూటమేట్ మెదడుని ఉత్తేజపరుస్తుంది. ఆంపా తగ్గితే ఉత్తేజం తగ్గాలి. మరి స్టార్‌గేజర్‌కి ఫిట్స్ ఎందుకు?

రెండు: స్టార్‌గేజిన్ లేకపోతే మెదడంతా ఆగిపోవాలి కదా, ఎలుక ఎలా బతుకుతోంది?

పిప్పెట్_చేయి · బుధవారం రాత్రి 9:50

మీ గైడ్ బాగా పట్టుకున్నారు.

రెండోది ముందు. ప్రతి ప్రాంతంలో టార్ప్‌ల కలయిక వేరు. గ్రాన్యూల్ కణం దాదాపు గామా-2 మీదే ఆధారపడింది, అది పోతే ఆదుకునేది లేదు. హిప్పోకాంపస్‌లో గామా-8 ఎక్కువ, అక్కడ గామా-2 పోయినా పని సాగుతుంది. గామా-8 తీసేసిన ఎలుకల్లో మాత్రం హిప్పోకాంపస్‌లో ఆంపా బాగా పడిపోతుంది.

మొదటిదానికి జవాబు 2008లో వచ్చింది. మెదడు నడిమధ్య ఉండే థాలమస్‌ని తొడుగులా కప్పి రెటిక్యులర్ న్యూక్లియస్ అని ఉంటుంది. అందులో ఉన్నవి ఇతర కణాలని అదుపు చేసే కణాలు. ఆ అదుపు కణాల్ని లేపేది కూడా గ్లూటమేటే, ఆంపా ద్వారానే. స్టార్‌గేజర్‌లో ఈ అదుపు కణాల ఆంపా తగ్గింది, వాటి అదుపులో ఉండాల్సిన కణాల్లో అంతగా తగ్గలేదు. కాపలావాడు నిద్రపోయాడు, ఇల్లు మెలకువగానే ఉంది. థాలమస్, కార్టెక్స్ (మెదడు పైపొర) మధ్య లయ అదుపు తప్పి సెకనుకి ఆరేసి అలలు వస్తాయి. ‘ఏ రిసెప్టర్’ అన్న ప్రశ్న సరిపోదు, ‘ఏ కణంలో, ఎవరితో కలిసి ఉన్న రిసెప్టర్’ అని అడగాలి. మీ సెమినార్‌లో ఒక్క స్లైడే మిగిలితే దీన్ని ఉంచండి.

తంబుర_శృతి · బుధవారం రాత్రి 10:26

మందుల వైపు ఈ తేడా ఇప్పటికే పనికొస్తోంది. పెరంపానెల్ 2012 నుంచి ఫిట్స్‌కి వాడుతున్నారు, అది ఆంపాని ఎక్కడ ఉన్నా ఆపుతుంది. చిన్నమెదడులో కూడా ఆపితే కళ్లు తిరగడం, నడక తూలడం వస్తాయి. 2016లో గామా-8తో కలిసి ఉన్న ఆంపాని మాత్రమే ఆపే రసాయనాలు రెండు కంపెనీల నుంచి వచ్చాయి. గామా-8లో రెండే రెండు అమైనో ఆమ్లాలు గామా-2లో ఉన్నట్టు మారిస్తే మందు పట్టు తప్పిపోతుంది. ఎలుకల్లో ఫిట్స్ ఆగాయి, నడక చెడలేదు.

జ్ఞాపకం గురించి కూడా ఒక స్లైడ్ కావాలంటే: స్టార్‌గేజిన్ తోకలో ధన ఆవేశం ఎక్కువ, అందువల్ల పొర లోపలి వైపుకి అతుక్కుని ఉంటుంది. సినాప్స్ గట్టిగా పని చేసి కాల్షియం లోపలికి వస్తే కామ్‌కైనేజ్-2 అనే ఎంజైమ్ ఆ తోకలో సెరీన్ అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్లు పెడుతుంది. ఫాస్ఫేట్‌ది రుణ ఆవేశం. తోక పొర నుంచి ఊడి కిందికి చాచుకుంటుంది, పీఎస్‌డీ-95కి అందుతుంది. తిరుగుతున్న రిసెప్టర్ అక్కడ ఆగుతుంది.

కంకి_వరంగల్ · శుక్రవారం సాయంత్రం 5:30

సెమినార్ అయిపోయింది. ఇరవై నిమిషాలు అనుకుంటే యాభై పట్టింది. మైనస్ 70 గీతా, ప్లస్ 40 గీతా చేత్తో బోర్డు మీద గీశా. కాపలావాడి స్లైడ్ దగ్గర మా గైడ్ లేచి వచ్చి మిగతావాళ్లకి మళ్లీ చెప్పారు. అందరికీ కృతజ్ఞతలు. గౌతమి గారూ, నాన్నగారి కథ పేరు లేకుండా, ఊరు లేకుండా చెప్పా, మీకు అభ్యంతరం ఉండదనుకున్నా. ఎల్‌జీఐ1 స్లైడ్ దగ్గర క్లాసు మొత్తం నిశ్శబ్దంగా విన్నది.

గౌతమి_గట్టు · శనివారం ఉదయం 7:05

అభ్యంతరం ఏమీ లేదమ్మా, సంతోషం. నాన్నకి చెప్తే ‘పాల లెక్క కూడా చెప్పారా’ అని అడిగారు. ఈ నెల క్యాలెండర్ ఆయనే రాస్తున్నారు, నిన్నటిదాకా తప్పు లేదు. నిరుడు జూన్‌లో మా చెల్లి గృహప్రవేశం జరిగింది, ఆయన చేతుల మీదే. ఫోటోలు చూపిస్తే చూస్తారు, గుర్తు మాత్రం రావట్లేదు. అది తిరిగి వస్తుందా డాక్టర్ గారూ?

రాత్రి_డ్యూటీ · శనివారం రాత్రి 1:18

జబ్బు ముదిరి ఉన్న రోజుల జ్ఞాపకాలు చాలామందిలో తిరిగి రావండీ. ఆ రోజుల్లో జరిగినవి సరిగ్గా నిలవనే లేదు, నిలవనిది వెతికినా దొరకదు. ఇప్పుడు జరుగుతున్నవి నిలుస్తున్నాయి, క్యాలెండర్ అదే చెప్తోంది. ఫోటోలు చూపించండి, ఆ రోజు ఏం జరిగిందో మీరే చెప్పండి. గుర్తుందా అని మాత్రం పదే పదే అడగకండి.

గౌతమి_గట్టు · ఆదివారం ఉదయం 6:40

సరేనండీ. ఇవాళ చెల్లి వస్తోంది. ఆల్బమ్ తెమ్మన్నాను.